ముసలప్ప నాయకుడు గవిని కాడ చెప్పిన మాట

కోడుమూరు దాటి గువ్వలదుర్గం పోయే తోవలో, ఊరు ఇంకా అర మైలు ఉందనగా, పాత కోట గవిని, అంటే కోట వాకిలి, ఒకటి అడ్డంగా నిలబడి ఉంటుంది. కోట గోడలు ఎప్పుడో కూలిపోయాయి. ఆ రాళ్ళన్నీ ఊరోళ్ళ ఇండ్లకూ, పశువుల కొట్టాలకూ చేరిపోయాయి. గవిని ఒక్కటే మిగిలింది. తోవ దాని కిందనుంచే.

పగటిపూట దానితో ఏ తంటా లేదు. గొర్రెలు పోతాయి, ట్రాక్టర్లు పోతాయి. ఎండకు తాళలేనివాళ్ళు దాని నీడన నిలబడి బీడీ కాల్చుకుంటారు.

పొద్దుగూకిందంటే మాత్రం... ఇంక ఆ పక్కకు ఎవరూ రారు.

కోడుమూరు ఆటోలు గవినికి వంద గజాలు ఇవతలే ఆగిపోతాయి. పై దుడ్లు ఇస్తామన్నా చక్రం కదలదు. నడిచేవాళ్ళు నల్లరేగడి చేలల్లో దిగి, తుమ్మముళ్ళు తొక్కి, చుట్టూ తిరిగి ఊరు చేరుకుంటారు. ఎందుకంటే రాత్రిపూట ఆ గవినిలో ముసలప్ప నాయకుడు ఉంటాడు. కింద పోయేవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచి ఒక్కటే అడుగుతాడు —

"తలుపు ఎవడు తీసినాడు?"

ఆ మాట విన్నవాళ్ళు ఊళ్ళో ముగ్గురున్నారు. చిన్న ఈరన్నకు అది పైనుంచి వినబడింది. లాజరుకు భూమిలోంచి వినబడింది. మారెన్నకు వినబడలేదు గానీ, వినబడబోతోందని ముందే తెలిసిపోయి పరుగెత్తాడు. ముగ్గురికీ జ్వరాలు వచ్చాయి. మారెన్నకే ఎక్కువ రోజులు ఉంది.

ఇప్పుడు ఆ గవినికి తలుపులు కూడా లేవు. వాటిని నిలబెట్టిన రాతి గుంటలే ఉన్నాయి. అయినా నాయకుడు అడగడం మానలేదని ఊరి మాట.

ఈ ముసలప్ప నాయకుడు నాలుగువందల యాభై ఏండ్ల కిందట గువ్వలదుర్గాన్నీ, చుట్టూ నలభై ఊళ్ళనూ ఏలినవాడు. ఆదవాని దండు వచ్చి కోటను చుట్టేసిందట. మూడు నెలలు నిలబడ్డాడట. చివరికి గవిని కావలివాడు హనుమన్న, బంగారు కడియానికి ఆశపడి, అమాస రాత్రి గడియ తీశాడట. నాయకుడు ఆ గవినిలోనే కత్తి పట్టుకుని, ఒంటిమీద పదకొండు గాయాలతో, పడకుండా నిలబడే ప్రాణం విడిచాడట.

హనుమన్న వంశం ఊళ్ళో ఇంకా ఉంది. వాళ్ళ ఇంటిపేరు ఏదో రేషన్ కార్డులో తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ వాళ్ళు "తలుపోళ్ళు".

ఏటేటా వైశాఖ అమాస మరునాడు నాయకుని పండగ. ఊరి బయట పందిరి వేస్తారు. కథ చెప్పే వంశంవాడు మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దువాలేదాకా నాయకుని కథ చెబుతాడు. ముందు వరసలో ఒంటరిగా తలుపోళ్ళ ఇంటి మనిషి ఒకరు తల వంచుకుని కూర్చోవాలి. "హనుమన్న గడియ తీసె" అన్న మాట రాగానే, జనమంతా తలా పిడికెడు మన్ను ఆ మనిషి మీద వేస్తారు. అలా వేయకపోతే ఆ ఏడు వానలు రావని నమ్మకం. వేసిన ఏడు వచ్చాయా అంటే, అది ఎవరూ అడగరు.

ఇరవై రెండేండ్లుగా ఆ మన్ను కింద కూర్చున్న మనిషి ఉరుకుందమ్మ.

మొగుడు పోయినప్పటినుంచీ ఆమెదే ఆ వంతు. కొడుకు బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. కోడలూ ఆడనే. ఉరుకుందమ్మకు మన్ను అలవాటైపోయింది. పండగ రోజు పాత చీర కట్టుకునేది, కొంగు నెత్తిమీదికి లాక్కునేది, ఇంటికొచ్చి రెండు బిందెల నీళ్ళు పోసుకునేది. అంతే. దాని గురించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

ఈ ఏడే తంటా వచ్చిపడింది.

వైశాఖం మొదట్లో ఆమెకు కర్నూలు పెద్దాసుపత్రిలో కంటి పొర తీశారు. నల్లద్దాలు పెట్టి, నలభై రోజులు కంట్లో దుమ్ము పడితే చూపు పోతుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. పండగ నాటికి ఇరవై ఆరు రోజులే అవుతుంది.

కడపలో డిగ్రీ చదివే మనవరాలు హేమావతి, అవ్వకు తోడుగా సెలవుల్లో వచ్చి ఉంది. సంగతి విని, చేతిలో ఫోను పక్కన పెట్టకుండానే అంది:

"నేను కూచుంటా లే అవ్వా. పిడికెడు మన్నే కదా."

ఉరుకుందమ్మకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఇరవై రెండేండ్లలో తన నెత్తిన పడిన మన్నంతా ఒక ఎత్తు. ఆ పిల్ల అంత తేలిగ్గా అన్న ఆ మాట ఒక్కటీ ఒక ఎత్తు. పిల్ల జుట్టు ఒత్తుగా, నల్లగా ఉంటుంది. పొద్దున్నే షాంపూ పెట్టి ఆరబెట్టుకుంటుంది. ఆ జుట్టులో మన్ను...

ఊరి పెద్ద శివన్న దగ్గరికి పోయి ఈ ఒక్క ఏడు వదిలేయమని అడిగింది. శివన్న చెడ్డవాడేమీ కాదు. నాకు మాత్రం ఇష్టమా తల్లీ, జనం ఒప్పుకోరు, వానలమాట ఉండాది కదా అన్నాడు. కథ మార్చాలంటే చెప్పేవాడు మార్చాలి. వాడికేమో నాయకుడే చెప్పాల అన్నాడు. అని నవ్వాడు.

ఉరుకుందమ్మ నవ్వలేదు. నాయకుడే చెప్పాల — ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చింది.

తలుపోళ్ళ ఇంట్లో వేరే కథ ఒకటి ఉంది. అత్త కోడలికి చెబుతుంది, ఆ కోడలు అత్తయినాక తన కోడలికి చెబుతుంది. బయట చెబితే నమ్మేవాళ్ళెవరు? ఉరుకుందమ్మ అత్త కూడా, మంచంలో పడ్డాక, ఒక రాత్రి చెవిలో చెప్పిపోయింది. నలభై ఏండ్లుగా అది ఆమె కడుపులోనే ఉంది.

ఇప్పుడు దాన్ని నాయకుని నోట పలికించాలి.

కథ చెప్పే రామలింగప్పకు ఒక నియమం ఉంది. పండగ ముందునాడు మంత్రాలయం పోయి తుంగభద్రలో మునిగి, కడవతో నీళ్ళు తెచ్చుకోవాలి. ఆఖరి బస్సులో కోడుమూరు చేరి, అక్కడినుంచి ఆటోలో వచ్చి, చివరి ముక్క ఒంటరిగా గవిని కిందనుంచే నడిచి, కడవను పందిట్లో దించి అక్కడే పడుకోవాలి. చేలల్లో తిరిగి రావడానికి లేదు. ఏటా అలాగే వస్తాడు. భయం లేదంటాడు. కాకపోతే ఆ వంద గజాలూ గోవిందనామాలు ఎంత గట్టిగా చదువుతాడంటే, ఊళ్ళో కుక్కలు లేస్తాయి.

అమాస నాటి రాత్రి ఉరుకుందమ్మ, పక్కింటి నబీసా వాళ్ళింట్లో నిఖా పిలుపుల పని ఉందని మనవరాలితో చెప్పి బయటపడింది. చంకలో ఖాళీ ఇత్తడి కడవ. నిఖా పిలుపులకు కడవెందుకని హేమావతి అడగలేదు. ఫోనులో ఉంది.

గవిని లోపల ఎడమచేతి పక్కన కావలివాళ్ళు కూర్చునే చిన్న కొట్టిడీ ఒకటి గోడలోనే ఉంది. హనుమన్న కూర్చున్న తావు అదే. ఉరుకుందమ్మ తడుముకుంటూ లోపలికి దూరింది.

చీకటి... మామూలు చీకటి కాదు. చేయి ముఖం ముందు పెట్టుకుంటే చేయి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నల్లద్దాలు పెట్టుకునే ఉందని. తీద్దామంటే డాక్టరు తీయొద్దన్నాడు. అలాగే ఉంచుకుంది.

గబ్బిలాలు తల మీద రెపరెపలాడాయి. పైన ఎక్కడో ఒక రాయి గర్రుమంది. గాలి లేదు... అయినా దేనికో కదిలింది.

వచ్చినప్పుడు లేని భయం కూర్చున్నాక మొదలైంది. తాను నాయకునిలా మాట్లాడడానికి వచ్చింది సరే. నాయకుడే వస్తే?

వచ్చినా మామీద కోపమెందుకు, మావాళ్ళు ఆయన చెప్పిన పనే చేసినారు అని లోపల్లోపల అనుకుంది. ఆ మాట కొట్టిడీలో ఎవరికైనా వినబడితే మంచిదని, ఇంకోసారి కొంచెం పైకే అంది.

ఎవరూ ఏమీ అనలేదు. అదీ ఒక రకంగా భయంగానే ఉంది.

చాలాసేపటికి దూరంగా ఆటో లైటు కనబడింది. అది కోడుమూరు చాంద్ నడిపే ఆటో. అలవాటైన చోట ఆగింది. రామలింగప్ప దిగీ దిగకముందే వెనక్కి తిరిగి, వచ్చినదానికన్నా రెండింతల జోరుతో పోయింది.

గోవిందనామాలు మొదలయ్యాయి. దగ్గరయ్యాయి. గవిని కిందికి వచ్చేసరికి ఇంకా పెద్దవయ్యాయి.

ఉరుకుందమ్మ కడవ మూతిలోకి ముఖం పెట్టింది.

"రామలింగప్పా..."

కడవలో మాట బొంగురుగా తిరిగి, రాతికి కొట్టుకుని, గవినంతా నిండింది. ఆమెకే ఒళ్ళు జలదరించింది.

గోవిందుడు సగంలో ఆగిపోయాడు.

"నా కత చెప్పు... మొదలుకాణ్ణుంచి."

బయట చప్పుడు లేదు. పరుగెత్తుతాడేమో అనుకుంది. పరుగెత్తలేదు. నీళ్ళ కడవ మెల్లగా కింద పెట్టిన శబ్దం వినబడింది. తర్వాత గొంతు సవరించుకుని, వణుకుతూ, రామలింగప్ప మొదలుపెట్టాడు.

విచిత్రం ఏమిటంటే, ఉరుకుందమ్మ ఆ కథ ఎన్నడూ వినలేదు. మొగుడున్నప్పుడు పందిరి కాడికే పోలేదు. తర్వాత ఇరవై రెండేండ్లు ముందు వరసలోనే కూర్చుంది. కానీ మన్ను ఎప్పుడు పడుతుందా అన్న ధ్యాసలో ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ఇప్పుడు చీకట్లో, కడవ ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి వింటోంది.

పెద్ద ఓబుళ నాయకుడికి ఏడుగురు ఆడపిల్లల తర్వాత ముసలప్ప పుట్టాడట. తాత పేరు పెట్టారు. పాలు తాగే బిడ్డను పట్టుకుని అందరూ ముసలప్పా, ముసలప్పా అని పిలవాల్సి వచ్చిందట. పదేండ్లు రాగానే విజయనగరం రాయలు పిల్లవాణ్ణి తన దగ్గర ఉంచుకున్నాడు. పేరుకు చదువు. అసలు సంగతి జామీను — తండ్రి ఎదురు తిరిగితే బిడ్డ ఉండడు. ఎనిమిదేండ్లు అట్లా ఒకరి ఇంట్లో, ఒకరి దయమీద పెరిగాడు.

తండ్రి పోయాడని కబురొచ్చి ఇంటికి వస్తే, అప్పటికే చిన్నాయన తలపాగా చుట్టుకుని కోట తలుపులు మూసుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళు యుద్ధం చేద్దామన్నారు. ముసలప్ప వద్దన్నాడు. ఒక్కడే ఈ గవిని ముందుకు వచ్చి, పైకి చూసి పిలిచాడట.

"చిన్నాయనా... ఆకలైతాంది."

లోపల చిన్నమ్మ ఆ మాట విని తట్టుకోలేకపోయింది. మొగుణ్ణి తిట్టి తలుపు తీయించింది. చిన్నాయన అన్నం పెట్టి ఏడ్చి, తలపాగా తీసి పిల్లవాడి తలకు చుట్టాడు. కోట అట్లా చేతికొచ్చింది. ఒక్క చుక్క నెత్తురు కారలేదు.

ఉరుకుందమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచివాడే, అనుకుంది.

కోటలో బావి తవ్వించింది ఆయనే. కరువు ఏట పన్ను అడగకపోయింది ఆయనే. రాయలు పిలిస్తే మూడువందల గుర్రాలతో పోయాడు, నలభై గుర్రాలతో తిరిగి వచ్చాడు. విజయనగరం కాలిపోయింది. తర్వాత పెనుకొండలో తలదాచుకున్న రాయల నుంచి ఒక జాబు, గెలిచిన ఆదవానివాళ్ళ నుంచి ఒక జాబు. మా దగ్గరికి వచ్చి మొక్కమని రెండిటిలోనూ ఉంది. ముసలప్ప నాయకుడు రెండిటికీ వస్తాండా అని జవాబు రాసి, ఆరేండ్లు ఎక్కడికీ పోలేదు.

చెబుతూ చెబుతూ రామలింగప్ప గొంతులో వణుకు పోయింది. తాళం అందుకున్నాడు. రాగం కూడా తీశాడు. దండు వచ్చింది, డేరాలు వేసింది, మూడు నెలలైంది, అమాస వచ్చింది...

"...కడియమునకు ఆశపడి, కావలి హనుమన్న గడియ —"

"ఆపు."

ఈసారి ఉరుకుందమ్మ కడవ సంగతి మరిచిపోయి అరిచింది. వెంటనే మళ్ళీ ముఖం దాంట్లో పెట్టింది.

"తలుపు తీయమనింది... నేను."

అత్త చెప్పిన కథంతా అప్పుడు ఆమె నోట వచ్చింది. దండు చుట్టేసిన ఎనభై మూడో నాటికి బావి ఎండిపోయింది. పిల్లలు బావి అడుగున తడిమట్టి నాకుతున్నారు. ఆ రాత్రి నాయకుడు కత్తి తీసి ఈ కొట్టిడీ గడపమీద పెట్టి, హనుమన్న పక్కన కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"హనుమన్నా, నేను సచ్చేది సులభం. వీళ్ళు దప్పికతో సచ్చేది సూడలేను. తలుపు తీయ్. నేనే తీయమంటినంటే నలభై ఊళ్ళ పరువు పోతాది. పేరు నీకు వస్తాది. ఓర్చుకుంటావా?"

"ఓర్చుకుంటా సామీ" అన్నాడు హనుమన్న.

కడియం లేదు, పదకొండు గాయాలు లేవు. నాయకుడు తలపాగా తీసేసి, గొర్రెల కాపరి గొంగడి కప్పుకుని, వంక దగ్గరికి నీళ్ళకు పరుగెత్తే జనంలో కలిసి ఈ గవిని కిందనే నడిచి పోయాడు. తెల్లారి దండు లోపలికి వచ్చేసరికి నాయకుడు లేడు.

రామలింగప్ప మెల్లగా అడిగాడు.

"తర్వాత... యాడికి పోతివి సామీ?"

అత్త చెప్పిన కథ అక్కడితో ఆఖరు. నాయకుడు ఎక్కడికి పోయాడో వాళ్ళ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏదో ఒకటి కల్పిద్దామని కడవలో ముఖం పెట్టింది. ఒక్క మాటా తోచలేదు. చెవుల్లో తన ఊపిరే హోరుమంటోంది.

ఆ హోరులో, మెల్లగా, అలసిపోయిన గొంతు ఒకటి వినబడింది.

"సలివేంద్రం... కడప తోవలో. ముప్పై ఏండ్లు నీళ్ళు పోసేదే పని... ఎవరూ గుర్తు పట్టకపాయ."

రామలింగప్పకు తెలిసే ఉందన్నమాట, అనుకుంది ఉరుకుందమ్మ. వాళ్ళ నాయన చెప్పి ఉంటాడు. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకుంటున్నాడు. బతికిపోయానని ఊపిరి పీల్చుకుని, కడవలోకి అంది:

"రేపు... ఇదే చెప్పు. పో."

రామలింగప్ప వంగి మొక్కాడు. నీళ్ళ కడవ భుజానికెత్తుకుని ఊరివైపు నడిచాడు. గోవిందనామాలు చదవలేదు. తొందర కూడా పడలేదు.

మరునాడు మధ్యాహ్నం పందిరి కింద కూర్చోవడానికి చోటు లేదు. ముందు వరసలో హేమావతి ఒక్కతే కూర్చుంది. జుట్టు జడ వేసుకుని, పైన చున్నీ కప్పుకుంది. వెనక ఆడవాళ్ళలో ఉరుకుందమ్మ, నల్లద్దాలతో. రామలింగప్ప రాత్రి మాట నమ్మినాడో లేదో, నమ్మినా ధైర్యం చేస్తాడో లేదో.

రామలింగప్ప ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. పుట్టుక, జామీను, చిన్నాయన, బావి. పొద్దు వాలుతోంది. దండు వచ్చింది. జనం వంగి తలా పిడికెడు మన్ను తీసుకున్నారు. ఏటా తీసుకునే చోటే అది, గుంట పడి ఉంది. హేమావతి తల వంచింది. చున్నీ కొంచెం ముందుకు లాక్కుంది. అంతదాకా లేని భయం ఆ చేతిలో కనబడింది.

రామలింగప్ప ఆగాడు.

రాత్రి గవిని కింద నాయకుడు తనను నిలబెట్టాడని చెప్పాడు. కథ దిద్దాడని చెప్పాడు. దిద్దిన కథ మొదలుపెట్టాడు.

ఎండిన బావి అన్నాడు. తడిమట్టి నాకిన పిల్లలన్నాడు. గడపమీద కత్తి అన్నాడు. ఓర్చుకుంటావా అన్న మాట దగ్గర రాగం ఆపేసి, మామూలుగా మాట్లాడినట్టు చెప్పాడు. చలివేంద్రం దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు ఒత్తుకుంటున్నారు. నలభై ఊళ్ళ దొర దారినపోయేవాళ్ళకు ముంతతో నీళ్ళు పోస్తూ ముసలివాడైపోయాడు. ఒకప్పుడు తన కింద గుర్రమెక్కినవాడే ఒకనాడు ఆ నీళ్ళు తాగి, ముఖం చూసి, ఏమీ అనకుండా మొక్కి పోయాడట.

ఆ గుర్రపువాణ్ణి మాత్రం రామలింగప్ప అప్పటికప్పుడు కల్పించాడు. కథ చెప్పేవాడు కదా, ఊరికే ఉండలేడు.

మారెన్న లేచాడు. మన్ను పడకపోతే వానలెట్లా అన్నాడు. ఇంకో ఇద్దరు అవునన్నారు. రామలింగప్ప వాళ్ళను తిట్టలేదు.

"నేను నా నోటితో మార్చలేదప్పా. నాయకుడు చెప్పినాడు. నమ్మకం లేకుంటే ఈ పొద్దు రాత్రికి మీరే గవిని కాడికి పోయి అడిగి రాండి."

మారెన్న కూర్చున్నాడు. అందరికన్నా తొందరగా కూర్చున్నాడు.

పిడికిళ్ళలో మన్ను అలాగే ఉంది. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అందరూ శివన్న చేతివైపు చూశారు. శివన్న తన పిడికిలివైపు తానే చూసుకున్నాడు. మెల్లగా వేళ్ళు వదులు చేశాడు. మన్ను ఆయన పంచెమీదనే రాలింది. తర్వాత ఒకరి వెనక ఒకరు... చప్పుడు లేకుండా అందరి చేతులూ ఖాళీ అయ్యాయి.

రామలింగప్ప దిగి వచ్చి తుంగభద్ర నీళ్ళు ముందుగా హేమావతి దోసిట్లో పోశాడు. ఆ పిల్ల తాగింది. తాగి, ఎందుకో తెలియకుండానే, వెక్కి వెక్కి ఏడ్చింది. పిడికెడు మన్నే కదా అన్న పిల్ల.

వానల సంగతి మధ్యలోనే చెప్పేస్తాను. ఆ ఏడు కూడా ఎప్పటిలాగే వచ్చాయి. రావాల్సినప్పుడు రాలేదు, వద్దన్నప్పుడు వచ్చాయి. మన్నుకూ వాటికీ ఏ లెక్కా కుదరలేదు.

చీకటి పడ్డాక రామలింగప్ప తలుపోళ్ళ ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి అరుగు మీద ఊరివాడు కూర్చోవడం ఉరుకుందమ్మ కాపురానికి వచ్చినప్పటినుంచీ చూడలేదు. హేమావతి టీ పెట్టి ఇచ్చింది. ఆయన సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, నవ్వాడు.

"అక్కా, ఒక మాట. ఏ రాజైనా నాలాంటోన్ని రామలింగప్పా అంటాడా? ఒరే రామలింగా అనాల గదా."

ఉరుకుందమ్మ చేతిలో చాట జారింది.

మొదటి పిలుపుకే సగం అనుమానం వచ్చిందట ఆయనకు. ఆపు అని అరిచినప్పుడు పూర్తిగా తెలిసిపోయిందట. రోజూ కోళ్ళను అదిలించే గొంతే కదా. మరి ఎందుకు ఊరుకున్నావని ఆమె అడిగింది. పోయిన ఏడు మన్ను ఆమె కంట్లో పడడం చూశాడట. తుడుచుకోవడానికి కూడా చేయి ఎత్తకుండా కూర్చున్న ఆ మనిషి ఏడాదంతా నిద్రలో కనబడిందట. కథను చెప్పేవాడు మార్చరాదని తండ్రికి ఒట్టు వేశాడు. నాయకుడు మార్చమంటే అది వేరే. నాయకుడు ఎప్పుడు అడుగుతాడా అని ఎదురు చూస్తున్నానన్నాడు.

ఉరుకుందమ్మ అద్దాల కింద వేలు పెట్టి కళ్ళు ఒత్తుకుంది. దుమ్మయితే డాక్టరు వద్దన్నాడు గానీ, నీళ్ళ సంగతి చెప్పలేదు.

"అంతా ఒక ఎత్తు" అన్నాడు రామలింగప్ప, గ్లాసు మళ్ళీ అందుకుంటూ. "ఆ సలివేంద్రం మాట ఒక్కటీ ఒక ఎత్తు. శానా బాగా అల్లినావక్కా. గొంతు కూడా మార్చేస్తివి. జనం ఏడ్చింది దానికే."

"అది నీ మాట కదప్పా."

"నా మాట యాడిది? నేను అడిగితి. నువ్వు చెప్తివి."

"నేను నోరే తెరవలేదు" అంది ఉరుకుందమ్మ. "ఏం చెప్పాల్నో తోచక కడవలో ముఖం పెట్టుకోని ఉంటి. నువ్వే... మెల్లగా... నీకు నువ్వే చెప్పుకున్యావు అనుకుంటి."

రామలింగప్ప గ్లాసు నోటిదాకా వచ్చి ఆగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హేమావతి మధ్యలో నిలబడి ఇటూ అటూ చూసింది.

రామలింగప్ప ఇల్లు గవినికి అవతల, రోడ్డు పక్కన ఉంది. తోవ గవిని కిందనుంచే, చేలల్లో దిగినా దాని పక్కనుంచే. ఆయన లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి తోవవైపు చూశాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా హేమావతీ" అన్నాడు, గొంతు తగ్గించి. "ఒక దుప్పటి ఉంటే ఇయ్యి తల్లీ. ఈ పొద్దు ఈడనే పండుకుంటా."

హేమావతి ఇచ్చింది. ఆకు కూడా కదలని వైశాఖపు ఉక్కలో, తల మొదలు కాళ్ళదాకా ముసుగు తన్ని, రామలింగప్ప తెల్లారేదాకా ఆ అరుగు మీదనే పడుకున్నాడు. కోళ్ళు కూసేదాకా ఆ ముసుగు ఒక్కసారీ తీయలేదు.